ఉప్పు నీళ్ల ఊళ్లో ఇల్లు నడిపే లెక్క

కుక్కరు ఆరు కూతలు కూసినా కందిబ్యాళ్లు పలుకు మీదే ఉంటాయి. కొత్త స్టీలు కొళాయి మూడు నెలలకే బూడిద పూసినట్టవుతుంది. తెల్ల పంచె నాలుగు ఉతుకులకే మాసిన రంగుకు తిరుగుతుంది. అనంతపురం జిల్లాలో బోరు నీళ్ల మీద బతికే ఊళ్లకు, కాలనీలకు ఇది కొత్త సంగతేం కాదు. చాలామంది ముందు చేసే పని ఇంటి మొత్తానికి ఓ పెద్ద యంత్రం కొనడం, లేకపోతే ఏమీ చేయకుండా ఊరుకోవడం. రెండూ నష్టమే. ఈ నీళ్లు ఇంట్లో గట్టిగా దెబ్బకొట్టేది మూడు చోట్ల: వేడి తగిలినచోట, సబ్బు కలిసినచోట, పప్పు ఉడికేచోట. ఆ మూడింటిని కాచుకుంటే కాళ్లు కడగడానికి, బండలు తుడవడానికి, లెట్రిన్‌కు ఏ నీళ్లయినా ఒకటే.

ఉప్పు నీళ్లు అని ఒకే మాట వాడతాం గానీ అందులో రెండు సంగతులున్నాయి. నోటికి ఉప్పగా తగిలేది ముఖ్యంగా సోడియం క్లోరైడు. గార కట్టేది, సబ్బును విరిచేది కాల్షియం, మెగ్నీషియం. ఈ రెండోదాన్నే కఠినత్వం అంటారు. నోటికి తియ్యగా ఉన్న నీళ్లు కూడా బాగా కఠినంగా ఉండొచ్చు. తాడిపత్రి, యాడికి వైపు నేల కింద సున్నపురాయే ఉంది, అక్కడ కారణం వెతకక్కర్లేదు. మిగతా జిల్లాలో ఎక్కువగా ఉన్న గ్రానైటు నేలల్లోనూ నీళ్లు సుద్ద పొరల గుండా దిగి సున్నాన్ని కరిగించుకుంటాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో ఆ లవణాలు కొట్టుకుపోవడం కష్టం. ఎండాకాలంలో బోరు అడుక్కి పోయేకొద్దీ కఠినత్వం పెరగడం మామూలే. కాబట్టి పరీక్ష మేలో ఒకసారి, వానలు వెళ్లాక నవంబరులో ఒకసారి చేయించాలి.

ముందు నీళ్ల లెక్క తెలుసుకోండి

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 వరకు సర్దుకోవచ్చు. ఈ అంకె మీకు టీడీఎస్ మీటరు చెప్పదు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, అందులో సున్నమెంతో, ఉప్పెంతో విడదీయలేదు. ఇక రెండు కడ్డీలు నీళ్లలో ముంచి, కరెంటిచ్చి, ‘చూడండి మీ నీళ్లు ఎంత మురికో’ అని ఎర్రగా మార్చి చూపించే అమ్మకందారులుంటారు. ఆ ఎరుపు నీళ్లలోది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకే అవి తెల్లగా ఉండిపోతాయి. చిటికెడు ఉప్పు కలపమనండి, అవీ ఎర్రబడతాయి.

సరైన కొలత కావాలంటే చుక్కల కిట్టు కొనొచ్చు. నీళ్లలో రంగు వేస్తే ద్రాక్ష ఎరుపు వస్తుంది. తర్వాత మందు చుక్క చుక్కగా వేస్తూ అది నీలంగా మారేదాకా లెక్కపెట్టాలి. ఒక్కో చుక్కకు ఎంత అన్నది కిట్టు మీదే ఉంటుంది. జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో కూడా ఇవ్వొచ్చు. అక్కడ ఇచ్చేటప్పుడు ఫ్లోరైడు, నైట్రేటు కూడా అడిగి రాయించుకోండి. మన జిల్లాలో ఫ్లోరైడు సంగతి తెలియకుండా నీళ్ల గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కనవుతుంది. కఠినత్వాన్ని తీసే యంత్రం సాఫ్ట్‌నర్ కూడా దాన్ని తీయదు. గార ఉన్న నీళ్లు తాగితే చెడు అని భయపడేవాళ్లు ఎక్కువ, కంటికి కనపడని ఫ్లోరైడును పట్టించుకునేవాళ్లు తక్కువ. ఉండాల్సింది తిరగేసి.

కిట్టు లేకుండా ఇంట్లో చేసే సబ్బు పరీక్ష ఒకటుంది. ఇది అంకె ఇవ్వదు గానీ, అంకెకన్నా పనికొచ్చే ముక్క చెబుతుంది: మీ కఠినత్వంలో ఎంత భాగం మరిగిస్తే పోతుందో. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు 200 మిల్లీలీటర్లు వెచ్చచేసి, అందులో 2 గ్రాముల ఒంటి సబ్బు తురిమి కరిగించండి. సబ్బు పొట్టం మీద గ్రేడ్ 1 టాయిలెట్ సోప్ అని ఉండాలి, బట్టల పొడి పనికిరాదు. ఇప్పుడు మూడు ఒకేరకం సీసాలు తీసుకుని ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్లు పోయండి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటరు, ఒకదాంట్లో కొళాయి నీళ్లు, మూడోదాంట్లో 10 నిమిషాలు తెర్లించి, చల్లార్చి, గుడ్డలో వడకట్టిన కొళాయి నీళ్లు. మరిగినప్పుడు తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటరు పోసి సరిచేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. సూది లేని సిరంజితో సబ్బునీళ్లు 1 మిల్లీలీటరు చొప్పున వేస్తూ, ప్రతిసారీ 10 సెకన్లు కుదపండి. వేలిమందం నురగ రెండు నిమిషాలు నిలిచినప్పుడు ఆపండి. డిస్టిల్డ్ వాటరుకు 1, కొళాయి నీళ్లకు 30, మరిగించినవాటికి 12 పట్టాయనుకుందాం. 29లో 18 పోయాయి, అంటే అయిదింట మూడు వంతులు మరిగిస్తే దిగిపోయే రకం. ఆ దిగిపోయేదే మీ గీజరులో గారగా కూర్చుంటున్నది. మరిగించినా లెక్క పెద్దగా తగ్గలేదంటే గార తక్కువ, సబ్బు నష్టం ఎక్కువ.

బ్యాళ్లు

కాల్షియం పప్పు గింజలో ఉండే పెక్టిన్‌ను పట్టుకుని బిగిస్తుంది, అందుకే ఎంత ఉడికించినా గింజ విచ్చుకోదు. కూతలు పెంచితే గ్యాసు ఖర్చు తప్ప ఒరిగేది లేదు. ఒక గ్లాసు బ్యాళ్లకు మూడు గ్లాసుల నీళ్లు చాలు కదా, అంటే ముప్పావు లీటరు లోపే. ఆ మాత్రం క్యాను నీళ్లో, వాన నీళ్లో, ముందురోజు తెర్లించి తేర్చిన నీళ్లో పోయండి. నానబెట్టేదీ వాటితోనే, అరగంట నుంచి గంట. కడగడానికి మాత్రం కొళాయి నీళ్లు చాలు.

క్యాను నీళ్లతోనూ ఉడకలేదంటే తప్పు నీళ్లది కాదు, బ్యాళ్లు పాతవి. అంగడి మార్చండి.

మంచి నీళ్లు దొరకనిరోజు గ్లాసు బ్యాళ్లకు తినే సోడా పావు టీస్పూనులో సగం వేస్తే ఉడుకుతాయి. అంతకు మించితే సబ్బు వాసన, జిగురు, పైగా బి1 విటమిన్ కూడా దెబ్బతింటుంది. రోజూ చేసే పని కాదది. చింతపండు, టమాటా బ్యాళ్లు మెత్తబడ్డాకే వేయాలి, ఎందుకంటే పులుపు కూడా గింజను బిగిస్తుంది. శనగలు, అలసందలైతే లీటరు నీళ్లకు రెండు టీస్పూన్ల ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికించండి. ఉప్పులోని సోడియం కొంత కాల్షియాన్ని తోసేస్తుంది. ఉప్పేస్తే పప్పు ఉడకదనే మాట ఇక్కడ చెల్లదు.

అన్నం పచ్చబారితే ఎసట్లో నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. కుక్కరు అడుగున పోసే నీళ్లలో చింతపండు రెబ్బ వేయడం మన ఇళ్లలో ఉన్నదే, అది అడుగు నల్లబడకుండా, గార పట్టకుండా చూస్తుంది. కానీ వెయిటు కూర్చునే గొట్టంలో పట్టిన గార అలా పోదు. వారానికోసారి మూత వెలుతురుకు పట్టి ఆ రంధ్రంలోంచి చూడండి, అవతలివైపు కనపడకపోతే సన్న తీగతో తీయాలి. ఇది వాయిదా వేసే పని కాదు.

సబ్బు, బట్టలు, తల

400 కఠినత్వమున్న నీళ్లు 20 లీటర్ల బకెట్‌లో పడితే అందులో సున్నం లెక్కన 8 గ్రాములున్నట్టు. దాన్నంతా సబ్బుతోనే విరగ్గొట్టాలంటే లెక్క ప్రకారం దగ్గర దగ్గర 50 గ్రాముల సబ్బు వృథా అయ్యాకే నురగ మొదలవుతుంది. అదే పనిని బట్టల సోడా పొడి 8 నుంచి 9 గ్రాములతో చేస్తుంది. పొడి కాకుండా స్ఫటికాల సోడా దొరికితే అందులో నీళ్లే ఎక్కువ బరువు, కాబట్టి 23 గ్రాములు కావాలి. మీ నీళ్ల కఠినత్వం 600 అయితే ఇవే ఒకటిన్నర రెట్లు. ఒక్కసారి తూకం వేసి, అది ఏ చెంచాకు ఎంత వస్తుందో చూసిపెట్టుకుంటే తర్వాత తూచక్కర్లేదు.

వరుస ముఖ్యం. సోడా ముందు, సబ్బు తర్వాత. సోడా వేసి కలిపితే నీళ్లు పాలలా తిరుగుతాయి. పావుగంట నిలవనిచ్చి, పైన తేరినవి వేరే బకెట్‌లోకి వంపి అప్పుడు సబ్బు వేయాలి. సబ్బూ సోడా ఒకేసారి వేస్తే సబ్బే ముందు సున్నంతో కలిసి జిడ్డు తెట్టెగా మారి బట్టకు అంటుకుంటుంది. తెల్లబట్టల మాసిన రంగు ఆ తెట్టెదే, మట్టిది కాదు. సోడాతో మెగ్నీషియం మొత్తం దిగదు, అందుకని వాన నీళ్లంత నురగ ఆశించకండి. పట్టు, ఉన్ని బట్టలకు సోడా అసలు తగలనివ్వొద్దు. ధర్మవరం చీర మీద ప్రయోగాలు వద్దు.

బట్టల సబ్బుకన్నా డిటర్జెంటు పొడి ఈ నీళ్లకు మేలు, అది తెట్టె కట్టదు. వాషింగ్ మెషీనుకు రెండు మూడు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి 40 డిగ్రీల మీద ఒక చుట్టు తిప్పండి. వెనక నీళ్ల పైపు కలిసేచోట చిన్న జాలీ ఉంటుంది. మెషీను నీళ్లు మెల్లగా పట్టుకుంటోందంటే సగం సార్లు తప్పు దానిదే. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది పెట్టేస్తే సరి.

తలకు కుంకుడుకాయను మించింది లేదు, ఇది పాతకాలపు మోజుతో అనే మాట కాదు. కుంకుడులో నురగ తెచ్చే సాపోనిన్లు కాల్షియంతో కలిసి విరగవు. పది పన్నెండు కాయలు కొట్టి, గింజలు తీసి, అర లీటరు వేడినీళ్లలో రాత్రి నానేసి పొద్దున పిసికి వడకట్టుకోవాలి. షాంపూ వాడేవాళ్లు ఆఖరి చెంబు మంచి నీళ్లతో పోసుకుంటే జుట్టు గరుకుదనం చాలావరకు తగ్గుతుంది. ఈ నీళ్లతో జుట్టు పొడిబారడం నిజం. బట్టతల వస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు.

గీజరు, రాడ్డు, సోలారు

నీళ్లు 60 డిగ్రీలు దాటితే గార కట్టే వేగం బాగా పెరుగుతుంది. గీజరు డయలును 50, 55 దగ్గర ఆపడం పైసా ఖర్చులేని మందు. గార ఎలిమెంటు చుట్టూ దుప్పటిలా పరుచుకుంటుంది. వేడి నీళ్లకు చేరక ఎలిమెంటులోనే నిలిచి అది కాలిపోతుంది. లోపల టపటపమని శబ్దం, ముందు పావుగంటకు కాగేవి అరగంట పట్టడం, కొళాయిలో తెల్ల పెళుసులు రావడం కనిపిస్తే ఇక విప్పాల్సిందే.

కరెంటు పని తెలిసినవాళ్లే విప్పాలి. ఎంసీబీ దించి, చల్లనీళ్ల వాల్వు మూసి, వేడినీళ్ల కొళాయి తిప్పి లోపలివన్నీ వదిలేయండి. అడుగు మూత తీశాక వైర్లు ముట్టుకునే ముందు ఫోనులో ఫొటో తీసిపెట్టుకోండి. ఎలిమెంటును పట్టి ఉంచే బిళ్ల (ఫ్లాంజి) బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేస్తే ఎలిమెంటు కిందికి జారుతుంది, దానితో పిడికెడు నుంచి కిలో దాకా గార పెళుసులు రాలతాయి. తొట్టి కింద పెట్టుకోండి. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, వైరు కొసలు తడవకుండా ఎలిమెంటును రెండు గంటలు ముంచండి. మరిగే నీళ్లు వాడొద్దు. వేడి ఎక్కువైతే కాల్షియం సిట్రేటు తెల్లటి పిండిలా పేరుకుని పని అక్కడికే ఆగిపోతుంది. నురగ రావడం ఆగినా గార ఇంకా ఉందంటే నిమ్మ ఉప్పు అయిపోయిందన్నమాట. 100 గ్రాముల గారకు 130 గ్రాముల దాకా నిమ్మ ఉప్పు పడుతుంది, కొత్తగా కలుపుకోవాలి. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు గ్యాస్కెట్ కొత్తది వేయండి, పాతది తిరిగి వేస్తే కారడం ఖాయం. గీజరు తొట్టిని తుప్పునుంచి కాచే మెగ్నీషియం యానోడు కడ్డీ పెన్సిలంత సన్నబడితే మార్చేయాలి. పైపు దగ్గరుండే సేఫ్టీ వాల్వు మీటను మూడు నెలలకోసారి ఎత్తి నీళ్లు చిమ్ముతున్నాయో లేదో చూడాలి. గారతో అది బిగుసుకుంటే లోపలి ఒత్తిడికి బయటికి దారుండదు. నీళ్లు నిండి కొళాయిలోంచి పారాకే స్విచ్చి వేయండి.

బకెట్‌లో పెట్టే హీటరు రాడ్డు గారను కత్తితో, రాయితో కొట్టి రాల్చేవాళ్లున్నారు. పైగొట్టం పగిలితే ఆ పగుల్లోంచి కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ప్లగ్గు పీకి, చుట్టలు మాత్రం మునిగేలా నిమ్మ ఉప్పు నీళ్లలో గంట ఉంచితే గార దానంతటదే వదులుతుంది. ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే రాడ్డుకన్నా ముందు అది కొనండి.

సోలారు హీటరు పెట్టబోయేవాళ్లకు ఒక్క మాట: సన్నటి రాగి గొట్టాల్లోంచి నీళ్లు నేరుగా పారే ఫ్లాట్ ప్లేటు రకం ఈ నీళ్లకు తొందరగా పూడుతుంది. గాజు గొట్టాల రకం మేలు, అదీ ఏడాదికోసారి తొట్టి ఖాళీ చేసి కడుక్కోవాలి.

కొళాయిలు, షవర్లకు పెద్ద కథ లేదు. నిమ్మ ఉప్పు నీళ్లు పాలిథిన్ కవరులో పోసి షవరు తలకు రబ్బరు బ్యాండుతో కట్టి గంట వదలండి, కడిగేయండి. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే గారతోపాటు కొళాయి మెరుపు కూడా పోతుంది. యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ పొడి పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది, తలుపు మూసిన బాత్‌రూములో అది ప్రాణాలకే ముప్పు.

బండల సంగతి వేరు. కడప బండ, బేతంచర్ల బండ, తాడిపత్రి నల్లబండ అన్నీ సున్నపురాయే. దాని మీద పేరుకున్న గారా సున్నమే. ఒకటి కరిగి ఇంకొకటి నిలిచే యాసిడ్ ఏదీ లేదు, నిమ్మకాయ తొక్క కూడా బండ నున్నదనాన్ని తినేస్తుంది. ఆ బండలకు ఒకటే దారి: స్నానమైన వెంటనే వైపరుతో లాగి గుడ్డతో ఒత్తడం, పేరుకున్నది ప్లాస్టిక్ రేకుతో గీకడం. గ్రానైటుకు ఈ బాధ లేదు.

మంచి నీళ్లు విడిగా నిలవ చేసుకోవడం

జిల్లాలో చాలా ఊళ్లకు సత్యసాయి పథకం నుంచో ఇంకో పైపులైను నుంచో నది నీళ్లు రోజు విడిచి రోజైనా వస్తాయి, మిగతా రోజుల్లో బోరు. రెండింటినీ ఒకే సంపులో కలిపేయడం అందరూ చేసే తప్పు. మిద్దె మీద 500 లీటర్ల చిన్న ట్యాంకు విడిగా పెట్టి దాని లైను వంటింటికి, గీజరుకు, వాషింగ్ మెషీనుకు మాత్రమే ఇవ్వండి. రెండు ట్యాంకులూ ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే చల్లవి వేడివి కలిపే మిక్సరు కొళాయిలోంచి ఎత్తు ట్యాంకు నీళ్లు పల్లపు ట్యాంకులోకి పారుతుంటాయి. దాన్ని ఆపడానికి మిక్సరుకు వచ్చే రెండు పైపులకూ నాన్ రిటర్న్ వాల్వులు వేయించాలి. ప్లంబరు అక్కర్లేదంటాడు, మీరు వేయించండి.

వాన నీళ్ల లెక్కా చూడండి. 1,000 చదరపు అడుగుల మిద్దె, 550 మిల్లీమీటర్ల వాన, అయిదో వంతు వృథా తీసేసినా ఏడాదికి దాదాపు 40 వేల లీటర్లు. అనంతపురంలో ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది, ఆగస్టులోనే మిద్దె ఊడ్చి తొట్టి కడిగి ఉంచాలి. మొదటి పది నిమిషాల వాన వదిలేయండి. సగం బోరు నీళ్లు, సగం వాన నీళ్లు కలిపితే కఠినత్వం సగానికి దిగుతుంది, బట్టలకు అది చాలు.

ఇవేవీ కుదరక సాఫ్ట్‌నరే పెట్టాలంటే లెక్క ఇలా వేసుకోండి. 500 కఠినత్వం నీళ్లు రోజుకు 500 లీటర్లు స్నానానికి, బట్టలకు పోతే తీయాల్సిన సున్నం 250 గ్రాములు. యంత్రం లోపల సున్నాన్ని పట్టే పూసలే రెజిను, లీటరు రెజిను సుమారు 50 గ్రాములు పడుతుంది. 25 లీటర్ల రెజిను అయిదు రోజులొస్తుంది. తర్వాత 3.75 కిలోల రాళ్ల ఉప్పును 37 లీటర్ల నీళ్లలో కరిగించి ఎక్కించాలి. ముందు పది నిమిషాలు కిందినుంచి పైకి నీళ్లు పంపి మట్టి వదిలించండి. తర్వాత ఉప్పునీళ్లు అరగంట మెల్లగా పోనివ్వండి, తొందరపడితే ఉప్పు ఖర్చు తప్ప రెజిను తేరుకోదు. చివరికి బయటికొచ్చే నీళ్లు ఉప్పగా లేనంతవరకు కడగండి. బోరులో తుప్పు రంగు నీళ్లొస్తే ముందు ఇనుము తీసే ఫిల్టరు ఉండాలి, లేకపోతే రెజిను మీద తుప్పు పట్టి పనికిరాకుండా పోతుంది. సాఫ్ట్‌నర్‌లోంచి వచ్చాక టీడీఎస్ మీటరు అంకె తగ్గదు, యంత్రం చెడిందని కంగారు పడొద్దు. పరీక్ష సబ్బుతోనో చుక్కల కిట్టుతోనో చేయాలి.

ఆ నీళ్లలో కాల్షియం బదులు సోడియం చేరుతుంది, ప్రతి 100 కఠినత్వానికి లీటరుకు 46 మిల్లీగ్రాములు. 500 అయితే 230. బీపీ ఉన్నవాళ్లు తాగకూడదు, వంటింటి కొళాయి సాఫ్ట్‌నరుకు ముందునుంచే తీయాలి. అయస్కాంతం పట్టీలు, కరెంటు తీగ చుట్టే పెట్టెలు కఠినత్వాన్ని తగ్గించవు. కొంటే డబ్బు వాపసు షరతు కాగితం మీద రాయించుకోండి.

ముప్పై నలభై ఇళ్ల కాలనీ కలిసి ఒకే సాఫ్ట్‌నర్ పెడితే ఉప్పు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయో ముందే తేల్చుకోవాలి. అవి చేలోకో, పక్క బోరు గుంతలోకో వదిలితే నేల చౌడు బారుతుంది. కూలరు తొట్టిలో అడుగున మిగిలే నీళ్లదీ అదే సంగతి. నీళ్లు ఆవిరై ఉప్పంతా అక్కడే నిలుస్తుంది కాబట్టి ఎండాకాలంలో మూడు రోజులకోసారి వాటిని పూర్తిగా వదిలేయండి, గడ్డి మెత్తలు రాయిలా గట్టిపడకుండా ఉంటాయి. వదిలేది మురుగు కాలవలోకి, మల్లెచెట్టు పాదులోకి కాదు.